కొండ టైమింగ్ నుంచి వాట్ల దాకా: ప్రో సైక్లిస్టు పవర్‌ను ఇంట్లో కూర్చుని లెక్కగట్టడం ఎలా

2015 జులై 14, మూడు వారాల సైకిల్ రేసు టూర్ డి ఫ్రాన్స్‌లో పదో స్టేజి, అంటే పదో విడత. పిరెనీస్ కొండల్లో లా పియేర్-సాన్-మార్తాన్ అనే శిఖరం మీద ముగింపు. బ్రిటిష్ రైడర్ క్రిస్ ఫ్రూమ్ మిగతా పోటీదారులందర్నీ వదిలేసి ఒంటరిగా పైకి వెళ్లిపోయాడు. కొద్ది రోజులకు ఫ్రెంచ్ టీవీలో ఒక లెక్క చూపించారు. ఆ కొండ మీద ఫ్రూమ్ తన శరీర బరువులో ప్రతి కిలోకు 7.04 వాట్లు పుట్టించాడట. ఆ అంకె విన్నవాళ్లకు అర్థం వేరే చెప్పక్కర్లేదు: ఇది మామూలు మనిషి పని కాదు. ఆ తర్వాత అతని టీమ్ స్కై, సైకిల్‌కు బిగించి తొక్కే శక్తిని కొలిచే పవర్ మీటర్ అసలు అంకెలు బయటపెట్టింది. సగటున 414 వాట్లు, బరువు 67.5 కిలోలు. అతను వాడే కోడిగుడ్డు ఆకారపు చెయిన్‌రింగ్ (పెడల్ దగ్గరి పళ్ల చక్రం) వల్ల మీటర్ సుమారు 6 శాతం ఎక్కువ చూపిస్తుందని, అది తీసేస్తే కిలోకు 5.78 వాట్లేనని వాదించింది.

ఒకే మనిషి, ఒకే కొండ. ఒక లెక్కలో 7.04, ఇంకో లెక్కలో 5.78. మధ్య ఉన్న తేడా మామూలుది కాదు. టూర్ గెలిచేవాడికీ ఇరవయ్యో స్థానంలో ఉండేవాడికీ మధ్య కూడా అంత తేడా ఉండదు. మరి మనం సొంతంగా లెక్కేస్తే ఎంత వస్తుంది? ఈ వ్యాసంలో ఆ కొండనే తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చేసి చూద్దాం. కావలసినవి గడియారం, కొండ వివరాలు, మామూలు కాలిక్యులేటర్. పదో తరగతి ఫిజిక్స్ గుర్తుంటే చాలు, లేకపోయినా ఫర్వాలేదు.

మొదటి మెట్టు: లెక్కకు లొంగే కొండను ఎంచుకోండి

చదునైన రోడ్డు మీద పవర్ లెక్కగట్టడం దాదాపు వృథా ప్రయాస. అక్కడ సైక్లిస్టు శక్తిలో ఎక్కువ భాగం గాలితో పోరాడటానికే పోతుంది. ఆ గాలి ఎటు వీచింది, ఎవరి వెనక దాక్కున్నాడు, ఎంత వంగి కూర్చున్నాడు అన్నవి టీవీలో చూసి తేల్చలేం. కొండ మీద ఆ బాధ తక్కువ. వేగం తగ్గుతుంది కాబట్టి గాలి ప్రభావం తగ్గుతుంది, శక్తిలో ఎక్కువ భాగం బరువును పైకి మోయడానికే ఖర్చవుతుంది. బరువు, ఎత్తు, సమయం అనే మూడూ కొలవగలిగేవే.

నేను పెట్టుకున్న నియమం ఇది: సగటు వాలు 7 శాతానికి తగ్గకూడదు, ఎక్కడానికి కనీసం 20 నిమిషాలు పట్టాలి, మధ్యలో దిగుడు ఉండకూడదు. ముగింపు గీత శిఖరం మీదే ఉంటే ఇంకా మంచిది. శిఖరం దాటాక మళ్లీ 40 కిలోమీటర్ల రేసు మిగిలి ఉన్న కొండల్లో నాయకులు ఒకరినొకరు చూసుకుంటూ నింపాదిగా ఎక్కుతారు. అప్పుడొచ్చే అంకె వాళ్ల వ్యూహం గురించే చెబుతుంది, వాళ్ల సత్తా గురించి కాదు.

వాలు ఒకేలా ఉండటం కూడా ముఖ్యం. సగటు 8 శాతం అని రాసి ఉన్న కొండలో 11 శాతం ముక్క ఒకటి, 3 శాతం ముక్క ఒకటి ఉండొచ్చు. 3 శాతం దగ్గర వేగం పెరుగుతుంది. గాలికి ఖర్చయ్యే శక్తి వేగం ఘనంతో పాటు పెరుగుతుంది కాబట్టి, సగటు వేగంతో లెక్కేస్తే అసలు కంటే తక్కువ వస్తుంది. వాలు బాగా మారే కొండైతే రెండు మూడు ముక్కలు చేసి విడివిడిగా లెక్కేయండి.

రెండో మెట్టు: గడియారం ఎక్కడ నొక్కాలి

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఫిజిక్స్‌లో కాదు, ఇక్కడ.

నా సంగతే చెబుతా. కొన్నేళ్ల కిందట ఒక స్టేజి రికార్డింగు చూస్తూ కొండ మొదటి మలుపు దగ్గర గడియారం నొక్కాను. అక్కడ రోడ్డు పక్కన ఒక బోర్డు స్పష్టంగా కనిపించింది, అందుకే అక్కడ. పైన ముగింపు గీత దగ్గర ఆపాను. ఎత్తు మాత్రం స్టేజి ప్రొఫైల్ బొమ్మలో ఉన్నది ఉన్నట్టు తీసుకున్నాను. కిలోకు 6.5 వాట్లు వచ్చింది. మిత్రులకు మెసేజ్ పెట్టి, "ఇందులో ఏదో ఉంది" అని పెద్దమనిషిలా ప్రకటించాను కూడా. రెండు రోజుల తర్వాత మళ్లీ చూస్తే, ప్రొఫైల్‌లో కొండ మొదలయ్యేది ఆ మలుపుకు 600 మీటర్ల కింద. అంటే నేను దాదాపు 50 మీటర్ల ఎత్తును ఉచితంగా కలిపేశాను. సరిచేస్తే 6.2. గోరంత తప్పు నిజంగానే కొండంత అయింది. అప్పటి నుంచి గడియారం నొక్కిన బిందువుకూ, ఎత్తు తీసుకున్న బిందువుకూ పొంతన ఉందో లేదో రెండుసార్లు చూడకుండా ముందుకు పోను.

ఈ గొడవ నాకొక్కడికే కాదు. ఆల్ప్ డ్యూయెజ్ పాత రికార్డుల విషయంలో ఇప్పటికీ వాదనలు నడుస్తాయి. 21 మలుపుల ఆ కొండను కొందరు చివరి 13.8 కిలోమీటర్లుగా, కొందరు 14.5 కిలోమీటర్లుగా కొలిచారు. ఇటలీ రైడర్ మార్కో పాంటానీ 1997లో 37 నిమిషాల 35 సెకన్లలో ఎక్కాడని ఎక్కువగా రాస్తారు. ఆ అంకెను వాడేముందు అది ఏ బిందువు నుంచి కొలిచినదో తెలుసుకోవాలి. లేకపోతే రెండు వేర్వేరు కొండలను పోల్చినట్టే.

పని జరిగే పద్ధతి ఇలా ఉండాలి. ముందుగా కొండ కింద ఒక గుర్తు ఎంచుకోండి: వంతెన, కూడలి, రౌండ్ అబౌట్, ఏదైనా కదలనిది. వీధి దృశ్యాలు చూపించే ఆన్‌లైన్ మ్యాపులో దాన్ని పట్టుకుని అక్కడి ఎత్తు చూడండి. తర్వాత వీడియోలో రైడర్ ముందు చక్రం ఆ గుర్తును దాటిన క్షణం దగ్గర ఆపండి. తెర మీద కనిపించే "ఇంకా ఇన్ని కిలోమీటర్లు" అనే అంకెను నమ్మకండి. అది కొన్నిసార్లు ముందున్న మోటార్‌సైకిల్‌ది, కొన్నిసార్లు ఆలస్యంగా మారుతుంది. ప్రసారం మధ్యలో రీప్లే వేసినా, ప్రకటన వచ్చినా మీ గడియారం తప్పుతుంది. అందుకే తెర మీద నడిచే రేసు గడియారాన్ని మొదట్లో, చివర్లో చూసి తీసివేత చేయడం మేలు.

పొడవాటి కొండ మీద పది సెకన్ల తప్పు పెద్దగా బాధించదు. 41 నిమిషాల్లో పది సెకన్లంటే అర శాతం కూడా కాదు. అదే ఎనిమిది నిమిషాల గుట్ట మీద అయితే రెండు శాతం దాటుతుంది, కిలోకు 0.15 వాట్ల దాకా తేడా వస్తుంది. చిన్న గుట్టల మీద ఎవరైనా సంచలన అంకెలు ప్రకటిస్తే నేను పట్టించుకోకపోవడానికి ఇది ఒక కారణం.

మూడో మెట్టు: తొందర లెక్క

అసలు లెక్కకు ముందు ఒక అడ్డదారి ఉంది. గంటకు ఎన్ని మీటర్ల ఎత్తు ఎక్కుతున్నాడో చూడటం. దీన్ని వామ్ అంటారు, ఇటాలియన్‌లో "సగటు ఎక్కుడు వేగం" అనే మాటకు పొట్టి పేరు. దీనికి ప్రచారం తెచ్చినవాడు మికేలె ఫెరారీ అనే డాక్టరు. లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు సలహాదారుగా ఉండి, డోపింగ్ కేసులో 2012లో అమెరికా యాంటీ డోపింగ్ సంస్థ చేతిలో జీవితకాల నిషేధం పడినవాడు. అనుమానితులను పట్టడానికి ఇవాళ అందరూ వాడే సూత్రం ఆయనదే కావడం విచిత్రం.

సూత్రం తేలిక. వాలు శాతాన్ని పదితో గుణించి 200 కలపండి. వామ్‌ను దానితో భాగిస్తే కిలోకు వాట్లు వస్తాయి.

మన కొండ 15.3 కిలోమీటర్లు, సగటు వాలు 7.4 శాతం. అంటే ఎత్తు 1,132 మీటర్లు. ఫ్రూమ్‌కు పట్టింది దాదాపు 41 నిమిషాల 30 సెకన్లు, అంటే 2,490 సెకన్లు. 1,132ను 2,490తో భాగించి 3,600తో గుణిస్తే వామ్ 1,637. వాలు 7.4 కాబట్టి భాజకం 274. జవాబు కిలోకు 5.97 వాట్లు.

ఇది అర నిమిషం పని. టీవీలో వచ్చిన 7.04 ఎక్కడో దారి తప్పిందని ఇక్కడే వాసన వస్తుంది. కానీ ఈ సూత్రంలో గాలి లేదు, సైకిల్ బరువు లేదు, అన్నీ లోపల ముందే అనుకుని పెట్టేశారు. బాగా తేలికైన రైడర్ల విషయంలో ఇది కాస్త తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే చిన్న మనిషికి సైకిల్ బరువు తన శరీరంతో పోలిస్తే పెద్ద వాటా అవుతుంది. దీన్ని సరిచూసుకోవడానికి మాత్రమే వాడుకోండి.

నాలుగో మెట్టు: అసలు లెక్క

కొండెక్కే సైక్లిస్టు శక్తి నాలుగు చోట్ల ఖర్చవుతుంది: బరువును పైకి లేపడం, టైరు రోడ్డుకు ఒత్తుకుని నలగడం, గాలిని చీల్చడం, చెయిన్ గేర్లలో పోయే కాస్త. ఒక్కొక్కటీ చూద్దాం.

బరువు ముందు. రైడర్ 67.5 కిలోలు. సైకిల్, బట్టలు, హెల్మెట్, బూట్లు, ఒక నీళ్ల సీసా కలిపి 8 కిలోలు వేసుకుందాం. సైకిల్ కనీస బరువు 6.8 కిలోలని అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం నియమం, కాబట్టి 8 అనేది న్యాయమైన అంచనా. మొత్తం 75.5. దీన్ని 9.81తో, 1,132 మీటర్లతో గుణించి 2,490 సెకన్లతో భాగిస్తే 337 వాట్లు. మొత్తం కథలో సింహభాగం ఇదే.

టైరు రాపిడి. మంచి టైరు, మంచి తారు మీద రాపిడి గుణకం 0.004 అనుకుందాం. దాన్ని 75.5తో, 9.81తో, సెకనుకు 6.145 మీటర్ల వేగంతో గుణిస్తే 18 వాట్లు.

గాలి. ఇక్కడ ఊహలు ఎక్కువ. కొండెక్కేటప్పుడు రైడర్ నిటారుగా కూర్చుంటాడు, కొన్నిసార్లు లేచి తొక్కుతాడు. అతని ముందు భాగపు వైశాల్యాన్ని గాలి గుణకంతో కలిపి 0.32 చదరపు మీటర్లుగా తీసుకుందాం. వేసవిలో ఆ ఎత్తున గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.05 కిలోలు. సగం × 1.05 × 0.32 × వేగం ఘనం. వేగం ఘనం 232. జవాబు 39 వాట్లు. గాలి నిశ్చలంగా ఉందని, ముందు ఎవరూ లేరని అనుకుంటేనే ఇది.

మూడూ కలిపితే 394. చెయిన్‌లో పోయే 3 శాతానికి 0.97తో భాగిస్తే 406 వాట్లు. కిలోకు 6.02.

ఇప్పుడు పక్కన పెట్టి చూడండి. పవర్ మీటర్ నేరుగా చూపించింది 414. టీమ్ సవరించుకున్నాక దాదాపు 390. మన కాలిక్యులేటర్ 406 దగ్గర, రెండింటి మధ్య నిలబడింది. పైగా ఆ రోజు ఫ్రూమ్ సగానికి పైగా కొండను మిగతావాళ్లతో కలిసే ఎక్కాడు, ఒంటరిగా వెళ్లింది చివరి ఆరేడు కిలోమీటర్లే. ముందున్నవాళ్ల వెనక గాలి భారం పాతిక శాతం తగ్గిందనుకుంటే ఇంకో 6 వాట్లు పోతాయి. 400 వాట్లు, కిలోకు 5.93. టీవీ చూస్తూ చేసిన లెక్కకు ఇంతకంటే మంచి పరీక్ష దొరకదు. అందుకే ఎవరైనా "ఇంట్లో కూర్చుని చేసే లెక్కలు పనికిరావు" అంటే ఒప్పుకోను. జాగ్రత్తగా చేస్తే పనికొస్తాయి. జాగ్రత్త లేకపోతే 7.04 అవుతాయి.

ఐదో మెట్టు: ఎంత తప్పు రావచ్చో అదీ లెక్కేయండి

ఒక్క అంకె రాసి వదిలేయకండి. ప్రతి ఊహనూ అటూ ఇటూ జరిపి, జవాబు ఎంత కదులుతుందో చూడండి. పావుగంట పని, కానీ అసలు నేర్చుకునేది ఇక్కడే.

బరువుతో మొదలుపెడదాం, ఎందుకంటే అందరూ ముందుగా గొడవపడేది దీని గురించే. "వాడు 67 కిలోలు కాదు, 64" అంటారు. వేసి చూడండి. 64.5 కిలోలైతే 392 వాట్లు, 70.5 అయితే 421 వాట్లు. వాట్లలో తేడా పెద్దదే. కానీ కిలోకు చూస్తే 6.07, 5.97. తేడా 0.1 మాత్రమే! మనిషి బరువు పెరిగితే వాట్లూ పెరుగుతాయి, భాగించే బరువూ పెరుగుతుంది, రెండూ దాదాపు కొట్టుకుపోతాయి. అందుకే కొండ లెక్కల్లో కిలోకు వాట్లనే నమ్మాలి, మొత్తం వాట్లను కాదు. రైడర్ అసలు బరువు మనకు కచ్చితంగా తెలిసే అవకాశమే లేదు కాబట్టి ఇది మన అదృష్టం.

గాలి మాత్రం అదృష్టం కాదు. సెకనుకు ఒక్క మీటరు ఎదురుగాలి వీస్తే మన జవాబుకు 14 వాట్లు కలపాలి, అంతే గాలి వెనక నుంచి వీస్తే 12 తీసేయాలి. సెకనుకు మీటరంటే చెట్టు ఆకు కాస్త కదిలేంత. దానికే కిలోకు 0.2. రెండు మీటర్లయితే ఎదురుగాలికి 30 వాట్లు పెరుగుతాయి, వెనకగాలికి 22 తగ్గుతాయి. అంటే కిలోకు 0.45 పైకి, 0.33 కిందకి. ఈ వ్యాసంలో ఒక్క పేరా మాత్రమే గుర్తుంచుకుంటానంటే, ఇది గుర్తుంచుకోండి. రికార్డులు బద్దలైన రోజుల్లో చాలావాటిలో వెనకగాలి ఉండే అవకాశం ఎక్కువ. కారణం మాయ కాదు, గాలి కలిసొచ్చిన రోజే రికార్డు పోతుంది, రానప్పుడు పోదు. మనం రికార్డు రోజులనే ఎంచుకుని లెక్కేస్తాం కాబట్టి మన అంచనాలు సహజంగానే పైకి జరుగుతాయి.

గాలి దిశ తెలుసుకోవడానికి ముగింపు దగ్గరి జెండాలు చూస్తారు చాలామంది. అవి చివరి వంద మీటర్ల సంగతే చెబుతాయి. హెలికాప్టర్ షాట్లలో మధ్య దారిలో ప్రేక్షకులు పట్టుకున్న జెండాలు, పొగ, చెట్ల కొమ్మలు చూడండి. మలుపులు మెలికలు తిరిగే కొండ అయితే గాలి కొంత రద్దవుతుంది. లోయలో నేరుగా పోయే రోడ్డయితే మొత్తం తగులుతుంది.

ఎత్తులో 20 మీటర్ల తప్పుకు కిలోకు 0.09. టైరు గుణకం 0.001 మారితే 0.07. ఇవి చిన్నవి, కానీ అన్నీ ఒకే వైపు పడితే పెరుగుతాయి. మొత్తం మీద, గాలి గురించి కొంత తెలిసిన పొడవాటి కొండకు అటూ ఇటూ 0.2, ఏమీ తెలియని కొండకు 0.4 అని నేను వేసుకుంటాను. "6.02" అని రెండు దశాంశాలతో ప్రకటించేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది, ఇందాక నేనూ అదే చేశాననుకోండి.

ఆరో మెట్టు: ఎంతసేపు, రేసులో ఎప్పుడు

కిలోకు 6.5 వాట్లు అన్న మాటకు తనంతట తనకు అర్థం లేదు. ఐదు నిమిషాలు అయితే మంచి ప్రో రైడర్లు చాలామంది తొక్కుతారు. నలభై నిమిషాలు అయితే ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. కాబట్టి అంకె పక్కన నిమిషాలు రాయకుండా ఎప్పుడూ రాయకండి, పోల్చేటప్పుడు దాదాపు అంతే సమయం పట్టిన కొండలతోనే పోల్చండి.

స్టేజి ఎలాంటిదో కూడా రాయండి. 120 కిలోమీటర్ల చిన్న స్టేజిలో ఒకటే కొండ ఉంటే ఒక లెక్క, 200 కిలోమీటర్లలో అది ఐదో కొండ అయితే ఇంకో లెక్క. మొదటి వారమా, మూడో వారమా? 2,000 మీటర్లు దాటిన కొండలో ఆక్సిజన్ పలచబడి అందరి పవర్ పడిపోతుంది. అక్కడ 5.7 రావడం కింద 6.1 రావడం కంటే గొప్ప కావచ్చు.

ఏడో మెట్టు: వాట్ల నుంచి ఊపిరి దాకా

ఇప్పటిదాకా చేసింది ఫిజిక్స్. "ఇది మనిషికి సాధ్యమా?" అని అడగాలంటే శరీరంలోకి వెళ్లాలి. అక్కడ నేల కాస్త జారుడుగా ఉంటుంది.

పెడల్ మీద పడే ప్రతి వాటుకూ శరీరం నాలుగు వాట్లకు పైగా కాలుస్తుంది, మిగతాది వేడిగా పోతుంది. ప్రో సైక్లిస్టుల సామర్థ్యం సుమారు 23 శాతం అనుకుందాం. ఒక లీటరు ఆక్సిజన్ దాదాపు 20.9 కిలోజౌళ్ల శక్తినిస్తుంది. కిలోకు 6 వాట్లు తొక్కడానికి కావలసిన ఆక్సిజన్ లెక్కేస్తే కిలోకు నిమిషానికి 75 మిల్లీలీటర్లు వస్తుంది. ఎవరూ నలభై నిమిషాలపాటు తమ గరిష్ఠ ఆక్సిజన్ సామర్థ్యానికి నూరు శాతం దగ్గర ఉండలేరు. 88 శాతం దగ్గర ఉన్నారనుకుంటే గరిష్ఠం, అంటే వీఓ2 మ్యాక్స్, 85 ఉండాలి.

2015 ఆగస్టులో ఫ్రూమ్‌ను లండన్‌లోని ఒక ల్యాబ్‌లో పరీక్షించినప్పుడు వచ్చిన వీఓ2 మ్యాక్స్ 84.6. అప్పుడతను టూర్ నాటి కంటే కొంచెం బరువు పెరిగి 69.9 కిలోలున్నాడు. కొండ టైమింగ్ నుంచి మొదలుపెట్టి ఊపిరితిత్తుల దాకా వచ్చిన మన లెక్క ఇంత దగ్గరగా తగలడం చూస్తే ముచ్చటేస్తుంది. కానీ మురిసిపోకండి, ఇందులో రెండు ఊహలు మన చేతిలో ఉన్నాయి: సామర్థ్యం, శాతం.

అవి ఎంత ఆడిస్తాయో చూపిస్తా. కిలోకు 6.8 వాట్లు తీసుకోండి. సామర్థ్యం 24 శాతం, గరిష్ఠంలో 90 శాతం దగ్గర తొక్కాడనుకుంటే కావలసిన వీఓ2 మ్యాక్స్ 90. చాలా ఎక్కువే, కానీ మనుషుల్లో నమోదైంది. నార్వే జూనియర్ సైక్లిస్టు ఆస్కార్ స్వెండ్సెన్‌కు 2012లో 97.5 వచ్చింది. ఆ కుర్రాడు ఆ తర్వాత పెద్ద రేసులేమీ గెలవకుండానే ఆట వదిలేశాడు, అది వేరే కథ. అదే 6.8 వాట్లకు సామర్థ్యం 22 శాతం, 88 శాతం దగ్గర అనుకుంటే 101 కావాలి. అది నమ్మడానికి చాలా కష్టమైన అంకె. ఒకే వాట్లకు ఒక ఊహలో "సాధ్యమే", ఇంకో ఊహలో "అసాధ్యం". తీర్పు ముందే మనసులో పెట్టుకున్నవాడు తనకు కావలసిన ఊహను ఎంచుకోవడం ఎంత తేలికో చూశారుగా.

ఎనిమిదో మెట్టు: ఇంతకీ అంకె ఏం చెబుతోంది

చాలామంది ఈ లెక్కలన్నీ చేసేది ఒక్క ప్రశ్న కోసమే: డోపింగ్ ఉందా, లేదా? ఆ కోరిక ఊరికే పుట్టలేదు. 1996లో బ్యార్నె రీస్ ఓటకామ్ కొండను 35 నిమిషాల లోపే ఎక్కి టూర్ గెలిచాడు, 2007లో ఈపీఓ (రక్తంలో ఎర్రకణాలను పెంచే మందు) వాడానని తానే ఒప్పుకున్నాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ ఏడు టైటిళ్లూ 2012లో పోయాయి. రక్తంలో ఎర్రకణాల శాతానికి 1997లో 50 అనే హద్దు పెట్టారు, 2008లో బయలాజికల్ పాస్‌పోర్టు, అంటే రైడర్ రక్త పరీక్షల అంకెలను ఏళ్ల తరబడి గమనించే పద్ధతి, వచ్చింది. ఈపీఓ రాజ్యమేలిన రోజుల్లో కొండల టైమింగులు ఒక్కసారిగా పడిపోవడం, తనిఖీలు బిగుసుకున్నాక కొన్నేళ్లు మళ్లీ నెమ్మదించడం గడియారంలోనే కనిపించాయి. అంటే ఈ పద్ధతి ఒక కాలం గురించి నిజం చెప్పగలదు.

ఒక మనిషి గురించి చెప్పగలదా? ఫెస్టినా టీమ్‌లో ఒకప్పుడు శిక్షకుడిగా పనిచేసిన ఆంత్వాన్ వాయే గీతలు గీశాడు. 70 కిలోల ప్రామాణిక రైడర్ అనుకుని లెక్కేస్తే 410 వాట్లు దాటితే అనుమానం, 430 దాటితే అద్భుతం, 450 దాటితే మ్యుటెంట్, అంటే మామూలు మనిషే కాదు. కిలోకు చూస్తే 5.86, 6.14, 6.43. అందరినీ ఒకే ప్రామాణిక బరువుకు మార్చి పోల్చడం తెలివైన పనే, దాన్ని మీరూ అనుసరించవచ్చు. గీతల విషయంలోనే నాకు పేచీ. మన లెక్కలో తప్పుకే అటూ ఇటూ 0.2 వదులుకున్నాం. ఆ గీతల మధ్య దూరం 0.3. చేతి వణుకే అంత ఉన్నప్పుడు అంత సన్నని గీత మీద మనిషిని నిలబెట్టడం సబబు కాదు. ఇంకో సంగతి, గీత కింద ఉన్నవాడు కడిగిన ముత్యమని ఎవరూ హామీ ఇవ్వలేదు. మందు తీసుకుని కూడా 5.7 దగ్గర ఆగిపోయేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు.

మరి 2024 జులై 14 సంగతి? టూర్‌లో ప్లాటో ద బేయ్ అనే కొండ, 15.8 కిలోమీటర్లు, 7.9 శాతం. స్లోవేనియా రైడర్ తాదెయ్ పొగాచర్ 40 నిమిషాల లోపే ఎక్కేశాడు. 1998లో పాంటానీ రికార్డు 43 నిమిషాలు దాటింది. మూడున్నర నిమిషాలకు పైగా తేడా. ఆ 1998 టూర్ నాటి పాంటానీ నమూనాల్లో ఈపీఓ ఉన్నట్టు 2013లో ఫ్రెంచ్ సెనేట్ నివేదికతో తేలింది. "మందు వాడినవాడి కంటే మూడున్నర నిమిషాలు వేగమా?" అని అడగడం సహజమే. మన పద్ధతిలో చేస్తే పొగాచర్‌కు కిలోకు 6.8 నుంచి 7.0 మధ్య వస్తుంది. నలభై నిమిషాలకు ఇది ఈ ఆటలో అత్యంత ఎత్తయిన అంకెల్లో ఒకటి.

ఇలాంటప్పుడు నేను చేసేది, ఆ మూడున్నర నిమిషాలను ముక్కలు చేయడం. సైకిల్ ఒక కిలో తగ్గితే ఆ కొండ మీద అర నిమిషం లోపు ఆదా. టైరు గుణకం 0.001 తగ్గితే 25 సెకన్లు. నేటి రైడర్లు గంటకు 120 గ్రాముల దాకా పిండిపదార్థం తీసుకుంటున్నారు, స్టేజి చివరికి వచ్చేసరికి ట్యాంకు ఖాళీ కావడం లేదు. దానికి సెకన్లలో విలువ కట్టడం నాకు చేతకాదు, కానీ సున్నా మాత్రం కాదు. ఇక రేసు నడిచిన తీరు. ఆ రోజు పొగాచర్ ప్రధాన ప్రత్యర్థి వింగెగార్డ్ టీమ్ కొండ కింది నుంచే దంచికొట్టింది, ఆ టీమ్‌లోని జోర్గెన్సన్ లాగిపెట్టి వదిలాక పదిన్నర కిలోమీటర్లుండగానే వింగెగార్డ్ ఎటాక్ చేశాడు, పొగాచర్ అతని చక్రం పట్టుకుని వచ్చి చివరి ఐదు కిలోమీటర్లకే ఒంటరి అయ్యాడు. అంటే మొత్తం కొండంతా పరుగే, పైగా రెండొంతులు ఇంకొకరి వెనక.

ఇవన్నీ కలిపినా మూడున్నర నిమిషాలు పూర్తిగా పూడతాయా? నా లెక్కలో పూడవు. మిగిలిన ఖాళీలో గాలి ఉండొచ్చు, అసాధారణ ప్రతిభ ఉండొచ్చు, శిక్షణ ఉండొచ్చు, ఇంకేదైనా ఉండొచ్చు. ఖాళీ ఉందని కాలిక్యులేటర్ చెబుతుంది, అందులో ఏముందో చెప్పదు. అదే పొగాచర్ 2025లో ఓటకామ్ మీద కూడా గెలిచాడు, కానీ రీస్ 1996 టైమింగును అందుకోలేకపోయాడు. ఒక కొండ మీద పాత రికార్డు చిత్తయిపోయి, ఇంకో కొండ మీద ముప్పయ్యేళ్ల నాటి రికార్డు నిలబడిందంటే, ఒక్క కొండను పట్టుకుని ఊగేవాళ్లు రెండు వైపులా తప్పే.

ఒక్క రైడర్ కంటే మొదటి పదిమంది సగటు చూడటం నాకు నచ్చిన దారి. ఒకడు ఎగిరిపోతే అది ప్రతిభ కావచ్చు, ఏదైనా కావచ్చు. పదో స్థానంవాడు కూడా ఐదేళ్ల కిందటి విజేతను దాటేస్తుంటే, మార్పు మొత్తం ఆటలో వచ్చిందన్నమాట. అప్పుడు అడగాల్సిన ప్రశ్న "వీడేం చేశాడు" అని కాదు, "అందరూ ఏం మార్చారు" అని. అలాగే ఒకే రైడర్‌ను ఏళ్ల తరబడి గమనించండి. ఇరవై రెండేళ్లకు 5.9, ఇరవై ఐదుకు 6.2 అయితే ఎదుగుదల. ముప్పై దాకా 5.5 దగ్గర ఉండి ఒక్క చలికాలంలో 6.2కు దూకితే, అది నోట్ చేసుకోవాల్సిన సంగతి. నోట్ చేసుకోవడం వరకే.

చివరి మెట్టు: ఎలా రాసి పెట్టుకోవాలి

నేనొక మామూలు నోట్‌బుక్ వాడతాను. ప్రతి కొండకు ఒక వరుస: తేదీ, స్టేజి పొడవు, కొండకు ముందు ఎన్ని కొండలు, మొదలు బిందువు, చివరి బిందువు, ఎత్తు, సెకన్లు, గాలి గురించి తెలిసింది, ఎవరి వెనక ఎంతసేపు, చివరికి ఒక పరిధి. ఊహలు ప్రతిసారీ అవే ఉంచుతాను. 8 కిలోల సామాను, 0.32, 0.004, 0.97. అవి తప్పైనా ఫర్వాలేదు, ప్రతి కొండకూ ఒకేలా తప్పైతే పోలిక చెడదు. రైడర్ తర్వాత ఎప్పుడైనా తన పవర్ ఫైలు బయటపెడితే పక్కన ఎర్ర సిరాతో రాస్తాను.

మనం చేసిన కొండ వరుస ఇలా ఉంది: "14-7-2015, లా పియేర్-సాన్-మార్తాన్, ఎత్తు 1,132, సెకన్లు 2,490, సగం దాకా మిగతావాళ్లతో కలిసి, గాలి తెలియదు. కిలోకు 5.5 నుంచి 6.3, నడుమ 5.9." పక్కన ఎర్ర సిరాతో: "మీటర్ 414, టీమ్ మాట 5.78."